బీడుపడిన ఆస్తి – ఎవరి పూచీ?

 



మన ఊళ్లలో ఏ పాత బస్తీకి వెళ్లినా తాళం పడిన ఇల్లు ఒకటి కనిపిస్తుంది. వారసులు ఏ దుబాయిలోనో, ఏ జిద్దాలోనో ఉంటారు. లేదా ఒకే వీధిలో ఉండి ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. పైకప్పు కూలిపోతుంది, గోడల్లో రావి మొలుస్తుంది. ఊరి చివర మస్జిద్ పేర వ్రాసి ఉన్న నాలుగెకరాల చెలక ఉంటుంది. దానిలో సర్కారు తుమ్మ తప్ప మరేదీ పెరగదు. ఆ భూమి ఎవరిదని అడిగితే వక్ఫ్‌దని అందరూ చెబుతారు. దాని మంచిచెడ్డలు ఎవరు చూస్తున్నారని అడిగితే మాత్రం జవాబు ఉండదు.

ఇటువంటి ఆస్తి విషయంలో ఇస్లామీయ చరిత్ర ఏమి చేసిందో నేడు తెలుసుకుందాం. అది కేవలం గత వైభవ గాథ కాదు. అందులో న్యాయమూ ఉంది, అన్యాయమూ ఉంది. బీడుపడిన దానికి ప్రాణం పోసినవారూ ఉన్నారు. పాడుపడిందన్న సాకుతో ఇతరుల సొత్తును మింగినవారూ ఉన్నారు.

క్రీ.శ. 622లో దైవప్రవక్త (స) మక్కా నుండి మదీనాకు వలస వచ్చారు. ఖుబాలో కొన్నాళ్లు ఆగి, ఆపై బనూ నజ్జార్ తెగవారి వాడకు చేరుకున్నారు. ఆయన ఒంటె ఒక ఖాళీ స్థలంలో మోకరిల్లింది. అది ఖర్జూరాలు ఆరబోసే కళ్లం. సహల్, సుహైల్ అనే ఇద్దరు అనాథ బాలురకు చెందినది. వారి సంరక్షకుడు అస్అద్ బిన్ జురారా (రజి). ఆ స్థలం అప్పుడు ఎలా ఉందో హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం ద్వారా మనకు తెలుస్తోంది. అందులో బహుదైవారాధకుల పాత సమాధులు ఉన్నాయి, కూలిపోయిన కట్టడాల శిథిలాలు ఉన్నాయి, కొన్ని ఖర్జూరపు చెట్లు ఉన్నాయి. అంటే ఊరి నడుమ ఉన్నప్పటికీ చాలా భాగం పాడుపడిన నేల అది. కొందరు ముస్లిములు అప్పటికే అందులో ఓ మూల నమాజు చేసుకునేవారని కూడా బుఖారీ ఉల్లేఖనంలో ఉంది.

దైవప్రవక్త (స) ఆ స్థలానికి వెల చెప్పమన్నారు. తమకు వెల అవసరం లేదని, దాని ప్రతిఫలం అల్లాహ్ వద్దనే కోరుకుంటామని బనూ నజ్జార్ వారు అన్నారు. ఆ బాలురు సైతం దానిని ఊరికే ఇస్తామన్నారు. కాని దైవప్రవక్త (స) దానిని కానుకగా స్వీకరించడానికి అంగీకరించలేదు. కొనుగోలు చేసి మరీ తీసుకున్నారు. ఆ వెల పది దీనార్లని, దానిని హజ్రత్ అబూబక్ర్ (రజి) చెల్లించారని చరిత్రకారులు వ్రాశారు.

సోదరులారా, ఈ చిన్న బేరం వద్ద కాసేపు ఆగుదాం. తీసుకునేవారు అల్లాహ్ ప్రవక్త. ప్రయోజనం అల్లాహ్ గృహ నిర్మాణం. ఆ నేల దాదాపు నిరుపయోగంగా ఉన్నది. ఇచ్చేవారు మనస్ఫూర్తిగా ఇస్తామంటున్నారు. మన ఊరి పెద్దలెవరైనా ఇక్కడితో ఆగి, ‘అల్‌హందులిల్లాహ్, స్థలం దొరికింది’ అని పునాది తవ్వి ఉండేవారు. దైవప్రవక్త (స) అలా చేయలేదు. యుక్తవయస్సు రాని అనాథ తన సొత్తును దానం చేస్తే ఆ దానం చెల్లదని ధర్మవేత్తలు తరువాతి కాలంలో తీర్పు చెప్పారు. దానికి ఈ సంఘటన ఎంతో దగ్గరి నిదర్శనం. ఖాళీ స్థలాన్ని సమాజానికి ఉపయోగపడేలా చేయడం పుణ్యకార్యమే. అయితే యజమాని బలహీనుడైనంత మాత్రాన, ఎదురు చెప్పలేనంత మాత్రాన అతని హక్కు పలచబడదు. మదీనాలో మొట్టమొదటి సామాజిక నిర్మాణం ఈ లెక్క తేల్చుకున్న తరువాతే పైకి లేచింది.

ఆపై పని మొదలైంది. సమాధులు తవ్వి తీశారు, శిథిలాలను చదును చేశారు, చెట్లు కొట్టి ఆ మొద్దులను ఖిబ్లా దిశగా వరుసగా నిలిపారు. (ఆ సమాధులు అజ్ఞాన కాలపు బహుదైవారాధకులవి, ఈ సంఘటనను చూపి మన ఖబరస్తాన్లలో దుకాణాలు కట్టుకోవచ్చునని ఎవరైనా అంటే, అది ధర్మశాస్త్రం కాదు, దురాశ.) పచ్చి ఇటుకల గోడలు, ఖర్జూరపు మొద్దుల స్తంభాలు, పైన ఖర్జూరపు మట్టల కప్పు. వర్షం కురిస్తే నీరు కారేది. ఒక రమజాన్ రాత్రి వాన పడగా సజ్దాలో దైవప్రవక్త (స) నుదుటికి బురద అంటిన సంగతి హదీసులలో ప్రసిద్ధం.

అంత సాదా కట్టడంలో ఏమేమి జరిగాయో చూడండి. ఇల్లూ వాకిలీ లేని పేద సహచరులు అక్కడి సుఫ్ఫా అరుగుపై నివసించి విద్య నేర్చారు. హిజ్రీ 5వ సంవత్సరంలో కందక యుద్ధంలో గాయపడిన సఅద్ బిన్ ముఆజ్ (రజి) కోసం మస్జిద్‌లోనే గుడారం వేశారు. హిజ్రీ 9లో తాయిఫ్ నుండి వచ్చిన సఖీఫ్ ప్రతినిధులను ఆ ప్రాంగణంలోనే దింపారు. శిథిలాలతో నిండిన ఒక కళ్లం పదేళ్లలోపే ప్రార్థనాలయం, పాఠశాల, వైద్యశాల, అతిథి గృహం అయింది.

మదీనా చుట్టూ నీరు లేని, ఎవరూ సాగు చేయని నేల విస్తారంగా ఉండేది. అరబ్బీలో దానిని ‘మవాత్’ అంటారు, అంటే చచ్చిన నేల. దానికి ప్రాణం పోయడాన్ని ‘ఇహ్యా’ అన్నారు. ఎవరికీ చెందని నిర్జీవ భూమిని సాగులోకి తెచ్చినవారికే అది చెందుతుందని దైవప్రవక్త (స) తీర్పునిచ్చారు. అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉన్న ఆ ప్రవచనంలోనే దానిని ఆనుకుని మరొక వాక్యం కూడా ఉంది: అన్యాయంగా పాతుకున్న వేరుకు ఏ హక్కూ లేదన్నది దాని భావం. మొదటి మాటను మనం తరచుగా వింటాం. రెండవ మాట అంతగా వినిపించదు. కాని దాని వెనుక ఒక వ్యాజ్యం ఉంది. ఒక వ్యక్తి మరొకరి భూమిలో ఖర్జూరపు చెట్లు నాటాడు. వివాదం దైవప్రవక్త (స) ముందుకు వచ్చింది. భూమి దాని యజమానికే చెందుతుందని, నాటినవాడు తన చెట్లు తీసుకుపోవాలని ఆయన తీర్పు చెప్పారు. ఆ చెట్ల మొదళ్లపై గొడ్డళ్లు పడటం తాను చూశానని, అవి అప్పటికి నిండుగా ఎదిగిన చెట్లని ఉల్లేఖకుడు చెప్పాడు. ఎడారి నేలలో ఎదిగిన ఖర్జూరం అంటే ఎన్నేళ్ల శ్రమ, ఎంత నీరు! అయినా ఆక్రమణకు సేద్యమన్న ముసుగు వేయడానికి అనుమతి లభించలేదు.

ఖలీఫా ఉమర్ (రజి) కాలానికి (క్రీ.శ. 634–644) సమస్య మరో రూపం దాల్చింది. కొందరు నిర్జీవ భూమి చుట్టూ రాళ్లు పాతి, హద్దులు గీసి, ఇది మాది అనేవారు. అక్కడ గింజ కూడా నాటేవారు కారు. ఇతరులు వస్తే అడ్డుకునేవారు. నేటి ప్లాట్ల వ్యాపారం గుర్తుకు వస్తోంది కదా! హద్దురాళ్లు పాతినవాడికి మూడేళ్ల వరకే అవకాశమని, ఆ లోపు నేలను సాగులోకి తేకపోతే ఆ తరువాత అతనికి హక్కు లేదని ఉమర్ (రజి) నిర్ణయించారు. హనఫీ ధర్మవేత్త అబూ యూసుఫ్ ఖలీఫా హారూన్ రషీద్ కోసం వ్రాసిన ‘కితాబుల్ ఖరాజ్’లో ఈ తీర్పు నమోదై ఉంది.

అఖీఖ్ లోయ ఉదంతం వీటన్నిటికంటే లోతైనది. అఖీఖ్ మదీనాకు పడమటి దిక్కున ఉన్న లోయ. వానలు పడినప్పుడు వాగు పారుతుంది, ఒడ్డున నేల మంచిది. ఆ లోయను దైవప్రవక్త (స) స్వయంగా బిలాల్ బిన్ హారిస్ అల్ ముజనీ (రజి) అనే సహచరునికి ఇచ్చారు. (ఈయన వేరు, అజాన్ పలికిన హజ్రత్ బిలాల్ వేరు.) కాలం గడిచింది. ఆ భూమి ఒక మనిషి సాగు చేయగలిగిన దానికంటే ఎంతో పెద్దది. అందులో చాలా భాగం అలాగే ఉండిపోయింది. మదీనా జనాభా పెరుగుతోంది, భూమి కావలసినవారు పెరుగుతున్నారు.

ఉమర్ (రజి) ఖలీఫా అయ్యాక ఆయనను పిలిపించారు. ప్రజలకు అందకుండా అడ్డుకోవడానికి దైవప్రవక్త (స) నీకు ఈ భూమి ఇవ్వలేదు, సాగు చేయడానికే ఇచ్చారు. నీవు చేయగలిగినంత ఉంచుకుని మిగిలినది మాకు తిరిగి ఇవ్వు అన్నది ఆయన మాటల సారాంశం. బిలాల్ (రజి) ఒప్పుకోలేదు. దైవప్రవక్త (స) తనకిచ్చిన దానిని తాను వదలనని ఒట్టు వేసి చెప్పారు. ఆయన బాధ మనకు అర్థమవుతుంది. అది కేవలం భూమి కాదు, ప్రియ ప్రవక్త చేతి కానుక. ఉమర్ (రజి) సైతం ఒట్టు వేసి, ఇచ్చితీరాలన్నారు. చివరకు సాగు చేయలేని భాగాన్ని తీసుకుని ముస్లిములకు పంచిపెట్టారు.

ఇక్కడ ఉమర్ (రజి) దైవప్రవక్త (స) ఆదేశానికి ఎదురు వెళ్లారని ఎవరూ అనలేదు. ఆ ఆదేశం ఏ ఉద్దేశంతో వెలువడిందో దానిని ఆయన కాపాడారు. సాగు చేయగలిగినంత భూమి బిలాల్ (రజి) వద్దనే ఉండిపోయింది. ఆయన శ్రమ ఫలాన్ని ఎవరూ తాకలేదు. పోయినదల్లా ఖాళీగా పెట్టుకుని ఇతరులను ఆపే అధికారమే. కానుక ఎంత పవిత్రమైన చేతి నుండి వచ్చినా దానిని పాడుపెట్టుకునే హక్కు దానితోపాటు రాదని ఆ తరం అర్థం చేసుకుంది.

ధర్మవేత్తల మధ్య ఈ విషయంలో భేదాభిప్రాయాలు లేకపోలేదు. నిర్జీవ భూమిని సాగు చేయడానికి పాలకుని అనుమతి ఉండాలని ఇమామ్ అబూ హనీఫా అన్నారు. ఆయన శిష్యులైన అబూ యూసుఫ్, ముహమ్మద్ అవసరం లేదన్నారు. ఊరికి దగ్గరి భూమికి అనుమతి కావాలని, దూరపు భూమికి అక్కరలేదని ఇమామ్ మాలిక్ అభిప్రాయం. అందరూ ఒప్పుకున్నది ఒకటి ఉంది: యజమాని తెలిసిన భూమి మవాత్ కాదు. అలాగే ఊరి దారి, పశువుల మేత బీడు, బావి చుట్టుపట్ల స్థలం, కళ్లం వంటివి ఖాళీగా కనిపించినా ఖాళీ కావు. అవి ఊరందరి అవసరం. ఎవరూ వాటిని ‘బాగుచేసి’ సొంతం చేసుకోరాదు.

భూమిని పోగేసుకోవడానికి అంత కఠినంగా అడ్డు నిలిచిన ఉమర్ (రజి) స్వయంగా తన సొత్తును ఏమి చేశారు? ఖైబర్‌లో ఆయనకు భూమి లభించింది. అంతకంటే విలువైన సొత్తు తనకెన్నడూ దొరకలేదని దైవప్రవక్త (స) సన్నిధికి వెళ్లి సలహా అడిగారు. మూలాన్ని అలాగే నిలిపి, దాని ఫలసాయాన్ని దానం చేయమని ఆయన సూచించారు. ఆ ప్రకారం దానిని అమ్మరాదని, ఎవరికీ కానుకగా ఇవ్వరాదని, వారసత్వంగా పంచరాదని ఉమర్ (రజి) నిర్ణయించారు. ఫలసాయం పేదలకు, బంధువులకు, బానిస విముక్తికి, బాటసారులకు, అతిథులకు. చూసుకునేవారు న్యాయమైనంత తినవచ్చు, కూడబెట్టుకోరాదు. తన తరువాత దాని నిర్వహణను కుమార్తె హఫ్సా (రజి)కు అప్పగిస్తూ పత్రం కూడా వ్రాయించారు. మనం నేడు వక్ఫ్ అనేదాని మూలరూపం ఇదే. నిర్వాహకురాలు ఒక స్త్రీ అన్న సంగతి మన ముతవల్లీలలో ఎందరికి తెలుసునో!

అయితే దానం చేసినవాడు చనిపోతాడు, కట్టడం శిథిలమవుతుంది, పత్రం చెదలు తింటుంది. వక్ఫ్ ఆస్తి సైతం బీడుపడుతుంది. ఇక్కడే చరిత్రలో కష్టమైన అధ్యాయం మొదలవుతుంది.

ఈజిప్టులో హిజ్రీ 118 (క్రీ.శ. 736) వరకు వక్ఫులు వాటి కుటుంబాల చేతుల్లోనే ఉండేవి. కాలక్రమంలో అవి వారసత్వపు సొత్తులో కలిసిపోతున్నాయని అక్కడి ఖాజీ తౌబా బిన్ నమిర్ గమనించారు. ఈ దానాల చివరి హక్కుదారులు పేదలే కాబట్టి అవి నశించిపోకుండా వాటిపై తాను చేయి ఉంచాలని భావించారు. వాటిని నమోదు చేయించి ప్రత్యేక దివాన్ ఏర్పరిచారు. పేదవాడికి తన ఆస్తి ఎక్కడుందో తెలియదు. దాని తరఫున దావా వేసేవాడూ ఉండడు. అందుకే ఆ పని ఖాజీ తన నెత్తిన వేసుకున్నారు. నా దృష్టిలో, గొప్ప గొప్ప గుమ్మటాలు కట్టించిన సుల్తానుల కంటే ఒక దస్త్రం తెరిచిన ఈ ఖాజీ సేవ తక్కువది కాదు.

పూర్తిగా పాడై ఇక దేనికీ పనికిరాని వక్ఫ్‌ను ఏమి చేయాలి? దానిని అంతే విలువైన లేక మేలైన మరొక ఆస్తితో మార్చడాన్ని ‘ఇస్తిబ్‌దాల్’ అన్నారు. హంబలీ ధర్మవేత్తలు దీనికి ఒక పాత ఆధారం చూపారు. కూఫాలో బైతుల్ మాల్ గోడకు కన్నం పడితే, ఖర్జూరాల వర్తకుల వద్దనున్న మస్జిద్‌ను తరలించి, ఖజానాను ఖిబ్లా వైపు పెట్టమని ఉమర్ (రజి) వ్రాసి పంపారట. మస్జిద్‌లో నమాజు చేసేవారు ఎప్పుడూ ఉంటారు కనుక కాపలా దానంతటదే కుదురుతుందని. మస్జిదే ప్రయోజనం కోసం కదలగలిగితే మిగిలిన ఆస్తుల సంగతి చెప్పనక్కరలేదన్నది వారి వాదన. మాలికీలు మాత్రం శిథిలమైనా సరే స్థిరాస్తిని అమ్మరాదని గట్టిగా పట్టుబట్టారు. తలుపు కొంచెం తెరిస్తే ఎవరు చొరబడతారో వారికి తెలుసు.

వారి భయం నిజమైంది కూడా. క్రీ.శ. 15వ శతాబ్దపు ఆరంభంలో, మమ్లూకుల కైరోలో జమాలుద్దీన్ యూసుఫ్ అనే ఉస్తాదార్ ఉండేవాడు. అతడు సుల్తాన్ కొలువులో ఉన్నతాధికారి. ఏదైనా వక్ఫ్ కట్టడంపై కన్ను పడితే అతడు చేసే పనిని చరిత్రకారుడు మఖ్రీజీ వివరించాడు. ఆ కట్టడం పొరుగువారికి, దారిన పోయేవారికి ప్రమాదకరంగా ఉందని, దానిని మార్చడమే మేలని ఇద్దరు సాక్షులు వచ్చి చెబుతారు. ఖాజీ ఇస్తిబ్‌దాల్‌కు తీర్పు ఇస్తాడు. ఆస్తి చేతులు మారుతుంది. ధర్మశాస్త్రంలోని మాటలన్నీ అక్కడ ఉన్నాయి. సాక్ష్యం ఉంది, తీర్పు ఉంది, ముద్ర ఉంది. లేనిది దైవభీతి ఒక్కటే. ఆ సొమ్ముతో అతడు కైరోలో ఒక అందమైన మద్రసా కట్టించాడు. సుల్తాన్ షాబాన్ మద్రసాకు చెందిన తలుపులు, గ్రంథాలు తెచ్చి అందులో పెట్టాడు. 1409లో సుల్తాన్ ఫరజ్ అతనిని చంపించాడు. మద్రసాపై ఉన్న అతని పేరు చెరిపివేసి, సుల్తాన్ తన పేరు చెక్కించుకున్నాడు.

ఇస్తాంబుల్ అనుభవం వేరు రకం. కట్టెతో కట్టిన ఆ నగరం పదే పదే తగలబడింది. 1660 నాటి అగ్నిప్రమాదం నగరంలో ఎంతో భాగాన్ని బూడిద చేసింది. వక్ఫ్ దుకాణాలు, ఇళ్లు కాలిపోతే అద్దె ఆగిపోతుంది; అద్దె ఆగితే మద్రసాలో విద్యార్థికి రొట్టె ఆగుతుంది; తిరిగి కట్టడానికి వక్ఫ్ దగ్గర ధనం లేదు. స్వల్పకాలపు కౌలుకు ఎవరూ కాలిపోయిన స్థలంలో డబ్బు పెట్టరు. అప్పుడు వ్యాపించిన పద్ధతే ‘ఇజారతైన్’, అంటే రెండు అద్దెలు. అద్దెదారు మొదట ఒక పెద్ద మొత్తం ఇస్తాడు. అది ఇంచుమించు ఆస్తి వెలకు సమానం. దానితో కట్టడం తిరిగి లేస్తుంది. ఆ తరువాత ఏటేటా చిన్న అద్దె చెల్లిస్తాడు. ప్రతిగా అతడు ఆ స్థలంలో స్థిరంగా ఉండవచ్చు, ఆ హక్కు అతని సంతానానికి సంక్రమిస్తుంది. భూమి యాజమాన్యం మాత్రం వక్ఫ్‌దే. ఏటా చెల్లించే ఆ చిన్న అద్దె ఆదాయం కోసం కంటే, నేల ఎవరిదో మరచిపోకుండా ఉండటం కోసం.

దీనితో బూడిదైన వాడలు మళ్లీ నిలబడ్డాయి. ఇది చిన్న విషయం కాదు. కాని వార్షిక అద్దె పెరగలేదు. ఉస్మానీయ వెండి నాణెం విలువ తగ్గుతూ పోయింది. రెండు మూడు తరాలు గడిచేసరికి వక్ఫ్‌కు వచ్చేది నామమాత్రం, అద్దెదారుకు దక్కేది మొత్తం ఆస్తి. తాత్కాలిక మందు శాశ్వత రోగమైంది.

మన దేశంలో ఈ రోగ లక్షణాలు ఎవరికి తెలియవు! తాత కాలంలో కుదిరిన అద్దెకే మనవడు మెయిన్ రోడ్డు మీద వక్ఫ్ మడిగె నడుపుతున్నాడు. తాను మాత్రం దానిని వేరొకరికి మార్కెట్ ధరకు కిరాయికి ఇస్తాడు. శుక్రవారం మొదటి వరుసలో కూర్చునేవారిలో కూడా అటువంటివారు ఉండవచ్చు. 2006లో జస్టిస్ సచార్ కమిటీ ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో నమోదైన వక్ఫ్ ఆస్తులు 4.9 లక్షలు, విస్తీర్ణం సుమారు 6 లక్షల ఎకరాలు. వాటి పుస్తక విలువ 6,000 కోట్ల రూపాయలు, మార్కెట్ విలువ 1.2 లక్షల కోట్లు. ఏటా వస్తున్న ఆదాయం 163 కోట్లు మాత్రమే. పుస్తక విలువలో అది 2.7 శాతం. మార్కెట్ విలువపై కనీసం 10 శాతం రాబడి వచ్చినా సంవత్సరానికి 12,000 కోట్లు సమకూరుతాయని కమిటీ అంచనా వేసింది. ఆ తేడా ఎన్ని విద్యార్థి వేతనాలో, ఎందరు వితంతువుల పింఛన్లో మీరే లెక్క వేసుకోవచ్చు.

ఆ తరువాత 2013లో వక్ఫ్ చట్టానికి చేసిన సవరణలో చరిత్ర నేర్పిన రెండు జాగ్రత్తలూ కనిపిస్తాయి. వక్ఫ్ ఆస్తి అమ్మకం, దానం, మార్పిడి, తాకట్టు నిషేధించారు. కైరోలో తెరుచుకున్న తలుపు అది. విద్య, వైద్యం, వాణిజ్యం కోసం ప్రభుత్వ ఆమోదంతో 30 సంవత్సరాల వరకు లీజుకు ఇవ్వడానికి వీలు కల్పించారు, అంతకు మించిన లీజు చెల్లదన్నారు. తరతరాల కౌలు ఎటు దారితీసిందో ఇస్తాంబుల్‌లో చూశాం. ఇక 2025 నాటి సవరణపై వాదప్రతివాదాలు న్యాయస్థానానికి చేరాయి. అది వేరే చర్చ. ఆ సంవత్సరం జూన్‌లో ఉమీద్ పోర్టల్ ప్రారంభించి ప్రతి ఆస్తి వివరాలూ నమోదు చేయమన్నారు. ఖాజీ తౌబా దివాన్ వంటి దస్త్రాన్ని ప్రతి మస్జిద్ కమిటీ ఎవరూ అడగకముందే తన బీరువాలో సిద్ధంగా ఉంచుకుని ఉంటే, గడువు మాట విని కంగారు పడవలసిన పని ఉండేది కాదు.

సోదరులారా, బోర్డును నిందించడం సులభం. నిందించదగినవి ఉన్నాయి కూడా. అయితే తాళం పడిన ఇళ్లలో చాలా వాటికి బోర్డుతో సంబంధం లేదు. అవి మన సొంత ఇళ్లే. తండ్రి చనిపోయి పదిహేనేళ్లయినా వారసత్వం పంచని ఇళ్లు అవి. అక్కాచెల్లెళ్లకు దివ్య ఖుర్‌ఆన్ నిర్ణయించిన వాటా ఇవ్వవలసి వస్తుందనే ఒకే ఒక్క కారణంతో పంపకం వాయిదా పడుతుంది. ఈలోగా ఇల్లు కూలుతుంది. ఆడబిడ్డకు వాటా దక్కదు, అన్నదమ్ములకూ నీడ దక్కదు. మదీనాలో ఇద్దరు బాలురు ఊరికే ఇస్తామన్నా వెల చెల్లించిన ప్రవక్త (స) అనుచరులం మనం. నోరు తెరిచి అడుగుతున్న చెల్లెలికి మనం ఏమి సమాధానం చెబుతున్నాం?

కనుక ఈ జుమా తరువాత జమాఅత్ పెద్దలు చేయదగిన పని ఒకటి ఉంది. మస్జిద్ పేర, ఖబరస్తాన్ పేర, దర్గా పేర వక్ఫ్ గెజిట్‌లో ఉన్న ఆస్తులు వేరుగా, రెవెన్యూ రికార్డులో ఉన్నవి వేరుగా తీయించి పక్కపక్కన పెట్టాలి. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు దిక్కుల హద్దులు, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, అద్దె ఎంత, చివరిసారి ఎప్పుడు వచ్చింది అన్నవి వ్రాయాలి. రెండు కాగితాలకూ తేడా ఉన్నచోట మొదట నేల మీదికి వెళ్లి కొలవాలి. ఊళ్లో సర్వే తెలిసిన యువకులు, కాగితాలు చదవగల వకీళ్లు, లెక్కలు వ్రాయగల ఆడపిల్లలు ఉంటారు. వారిని అడిగితే కాదనరు. తయారైన జాబితాను ముతవల్లీ ఇంట్లో కాదు, వుజూఖానా గోడ మీద, అందరి కంటా పడేచోట అతికించాలి.